లెక్కలోకి రాని పొదుగువాపు

కృష్ణా జిల్లాలో మా పిన్ని వాళ్ల ఊళ్లో ఉండగా ఒకరోజు తెల్లవారుజామున పశువైద్యుడి వెంట పక్కింటి కొట్టంలోకి వెళ్లాను. గ్రేడెడ్ ముర్రా గేదె. మూడో ఈత, ఈని రెండు నెలలు. పూటకు అరలీటరు పాలు తగ్గాయి, ఫిర్యాదు అంతే. పొదుగు మెత్తగానే ఉంది. వాపు లేదు, వేడి లేదు, మేత మానలేదు. “మొన్న చుట్టాలొచ్చి పూటకెన్ని లీటర్లని ఆరాలు తీసిపోయారు డాక్టరు గారూ, దిష్టి తగిలిందేమో” అంది ఇంటావిడ. “ఉండమ్మా, చూద్దాం” అంటూ ఆయన సంచిలోంచి నాలుగు గుంటలున్న తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం తీశారు. దూడ కుడిచి గేదె చేపాక, ఒక్కో చన్ను నుంచి రెండేసి ధారలు పక్కకు వదిలేసి, తర్వాతి ధారను ఒక్కో గుంటలోకి పిండారు. అంతే కొలతలో ఊదారంగు మందునీళ్లు పోసి పళ్లాన్ని మెల్లగా గుండ్రంగా తిప్పారు. మూడు గుంటల్లో పాలు పాలలాగే తిరిగాయి. నాలుగోది, వెనక ఎడమ చన్నుది, చూస్తూండగానే గంజిలా చిక్కబడింది. పళ్లెం వంచితే గుడ్డుసొనలా ఒక్క ముద్దగా జారింది. ఆయన వారించేలోపే ఆవిడ ఆ చన్ను పాలు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, “ఉప్పగా ఉన్నాయే” అంది.

ఆ ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే. పొదుగులో పాలు తయారుచేసే కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని, రక్తానికీ పాలకూ మధ్య గోడ కట్టినట్టు ఉంటాయి. చన్ను రంధ్రంలోంచి సూక్ష్మజీవులు లోపలికి దూరి పెరగడం మొదలుపెడితే, వాటి పని పట్టడానికి రక్తంలోంచి తెల్లకణాలు లక్షల్లో దిగుతాయి. ఆ తోపులాటలో గోడ సందులిస్తుంది. రక్తంలోని సోడియం, క్లోరైడు పాలలోకి కారతాయి, పాలలోని లాక్టోజు తగ్గిపోతుంది. తీపి పోయి ఉప్పు వస్తుంది. పెరుగుకు గట్టిదనం ఇచ్చే కేసిన్ కూడా ముక్కలవుతుంది కాబట్టి తోడు సరిగా పడదు. ఇదంతా జరుగుతున్నా పొదుగు పైకి మామూలుగానే ఉండొచ్చు. పొదుగువాపు అని పేరు పెట్టుకున్నాం గానీ ఎక్కువ పశువుల్లో వాపే కనబడదు. ఈ జబ్బు మనల్ని మోసం చేయడం పేరు దగ్గరే మొదలైంది.

పళ్లెంలో గంజిలా కట్టిన పదార్థం ఆ తెల్లకణాల డీఎన్ఏ. మందునీళ్లలోని డిటర్జెంటు కణాల పొరను చీల్చితే లోపలి డీఎన్ఏ పోగులు బయటపడి జిగురు కడతాయి. కణాలు ఎన్ని ఎక్కువుంటే జిగురు అంత చిక్కన. షామ్, నూర్‌లాండర్ అనే ఇద్దరు 1957లో కాలిఫోర్నియాలో ఈ పరీక్షను తయారుచేశారు, అందుకే దానికి కాలిఫోర్నియా పరీక్ష అని పేరు. కిట్టు లేకపోతే బట్టల సబ్బుపొడితోనైనా పని జరుగుతుందని పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ పశువైద్యులు తొంభైల్లో చూపించారు. నూటికి మూడు పాళ్లు సబ్బుపొడి కలిపిన నీళ్లు, అన్నే పాలు, అంతే. అర్ధ శతాబ్దం దాటిన పరీక్ష, రూపాయి ఖర్చు కాని పరీక్ష, మన పల్లెల్లో పాడి ఉన్న నూరిళ్లలో ఎన్నింట్లో జరుగుతోందని అడిగితే నాకు తెలిసిన ఊళ్ల వరకూ జవాబు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది దాదాపుగా ఇదే. పొదుగువాపు మన దగ్గర మందు లేక మిగిలిపోలేదు. ఎవరూ దాన్ని లెక్కపెట్టడం లేదు కాబట్టి మిగిలిపోయింది.

లెక్క అనగానే దేశం మొత్తానికి వేసిన అంచనాలు ముందుకొస్తాయి. 1962లో ఈ జబ్బు వల్ల ఏటా 52.9 కోట్ల నష్టమన్నారు. 2001 నాటి అంచనా 6,053 కోట్లు, 2009 నాటిది 7,165 కోట్లు. ప్రతి శాస్త్రీయ పత్రమూ ఈ అంకెలతోనే మొదలవుతుంది. నా మట్టుకు నాకు వీటి మీద పెద్ద గురి లేదు. మధ్యలో పాల ధర మారింది, పశువులు మారాయి, రూపాయి విలువ మారింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి జబ్బు వందరెట్లు పెరిగిందనుకుంటే పప్పులో కాలేసినట్టే. వాటికంటే పనికొచ్చే లెక్క బెంగళూరులోని జాతీయ పశురోగ సమాచార సంస్థ వాళ్లు వేసింది. దేశంలో అచ్చయిన సర్వేలన్నీ గుదిగుచ్చి చూస్తే, పైకి కనిపించే పొదుగువాపు సుమారు 18 శాతం పశువుల్లోనూ, లోలోపల ఉండిపోయే రకం సుమారు 45 శాతంలోనూ తేలింది. సర్వేలు ఎక్కువగా పశువైద్య కళాశాలల చుట్టుపక్కలా, పెద్ద డెయిరీల్లోనూ జరుగుతాయి గనక దీన్లోనూ కొంత తరుగు తీసుకోవచ్చు. అయినా అసలు సంగతి చెక్కుచెదరదు. కంటికి కనబడే ఒక్కో కేసుకు కనబడనివి రెండుకు పైనే ఉన్నాయి. డాక్టరును పిలిచేది మాత్రం కనబడే దానికే.

కనబడే దాని సంగతి పాడి చేసినవాళ్లకు వేరే చెప్పాలా! పొదుగు రాయిలా గట్టిపడుతుంది, చెయ్యి వేస్తే గేదె తంతుంది, పాలలో తెల్లటి తరకలు, ఒక్కోసారి రక్తం, ఒక్కోసారి పసుపచ్చటి నీళ్లు. మూడు రోజుల్లో చన్ను చచ్చిపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇల్లంతా కంగారు పడుతుంది, అప్పుచేసైనా మందు తెస్తుంది. లోలోపలి రకం అలా అల్లరి చేయదు. పూటకో అరలీటరు చొప్పున ఈత పొడుగునా తింటుంది. అరలీటరు లెక్కన రెండు పూటలకు లీటరు, పది నెలల పాడికి మూడు వందల లీటర్లు. గేదె పాల ధర మీ ఊళ్లో ఎంతుందో మీరే గుణించి చూసుకోండి.

ఇంతకీ లోపలికి దూరేదెవరు? వందకు పైగా సూక్ష్మజీవుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. పాకను బాగుచేసుకోవాలనుకునే రైతుకు అన్నీ అక్కర్లేదు, అవి ఎక్కడ కాపురముంటాయన్నది తెలిస్తే చాలు. కొన్ని పొదుగులోనే ఉంటాయి. పితికేవాడి చేతుల మీదుగా, తడిగుడ్డ మీదుగా, మిషను గొట్టాల మీదుగా ఒక పొదుగు నుంచి మరో పొదుగుకు పోతాయి. కొన్ని పేడలో, రొచ్చులో, తడి నేలలో ఉంటాయి. పశువు పడుకుంటే చాలు, చన్ను మొనకు అంటుకుంటాయి. మొదటి జట్టులో పెద్దది స్ట్రెప్టోకాకస్ అగలాక్షియే. ఫ్రాన్సులో నొకార్డ్, మొలెరో 1887లోనే దీన్ని వర్ణించారు. ఇది పొదుగు దాటి పాకలో ఎక్కువకాలం బతకలేదు, పెన్సిలిన్‌కు లొంగుతుంది. అందుకే చాలా దేశాల్లో మందల్లోంచి దాన్ని ఊడ్చేయగలిగారు. అదే జట్టులోని స్టెఫైలోకాకస్ ఆరియస్ మాత్రం మొండిఘటం. పొదుగు కండలో చిన్న చిన్న చీముగడ్డలు కట్టుకుని, కణాల లోపల దాక్కుని, మందు అందని చోట కూర్చుంటుంది. ముసలి పశువుల్లో, పాతబడిన జబ్బుల్లో అది నయమయ్యే అవకాశం బాగా తగ్గిపోతుంది. రెండో జట్టుకు పెద్ద ఇ.కొలై. ఇది దాక్కోదు, దాడి చేస్తుంది. దాని విషానికి పశువు ఒక్క రోజులో కూలబడవచ్చు, లేదా ఒంటి బలంతోనే రెండు మూడు రోజుల్లో దాన్ని తరిమేయవచ్చు. ఈ రెండు జట్లకూ చెందని ప్రొటోథీకా అనే నాచుజాతి జీవి కూడా ఉంది. దాన్ని నయం చేసే మందంటూ లేదు.

జీవి ఏదైనా ద్వారం ఒక్కటే, చన్ను కొసన ఉన్న సన్నని నాళం. పాలు తీశాక ఆ నాళం వెంటనే మూసుకోదు, అరగంట నుంచి రెండు గంటల దాకా తెరిచే ఉంటుంది. మన పల్లెల అలవాటు చూడండి. చేపడానికి దాణా ముందు పెడతాం, పితకడం పూర్తయ్యేసరికి తొట్టి ఖాళీ అవుతుంది. కడుపు నిండిన గేదె హాయిగా రొచ్చులోనే చతికిలబడుతుంది. తలుపు తెరిచిపెట్టి దొంగను పిలవడమంటే ఇదే. పాలు తీశాక నాలుగు పరకలు పచ్చిమేత వేస్తే ఆ గంటసేపూ నిలబడే ఉంటుంది. దీనికి ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు. ఇంత చిన్న మాట ఊళ్లలోకి ఎందుకు దిగలేదా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పితికే తీరు మరో గొడవ. బొటనవేలు మడిచి, కణుపును చన్నుకు ఒత్తిపెట్టి లాగడం మన దగ్గర పాత అలవాటు. గేదె చన్ను బిగువు గనక వేలు మడిస్తే బలం వస్తుందని చెబుతారు. వచ్చేమాట నిజమే, దాంతో పాటు లోపలి పొర నలిగి పుండవుతుంది. నిండు పిడికిలితో పితికితే ఆ ప్రమాదం లేదు. వేళ్లను ఆ పాలలోనే ముంచి తడిచేసుకోవడం ఇంకో దురలవాటు. ఒక చన్నులో ఉన్నదాన్ని నాలుగింటికీ పూసినట్టే. ఇక పాలు రాని చన్నులోకి పుల్ల దూర్చి “దారి చేసే” వైద్యం సంగతి సరేసరి. ఆ పుల్ల మీద ఉన్నదంతా నేరుగా పొదుగు గదిలోకి చేరుతుంది.

గేదెకు ఈ జబ్బు తక్కువని ఒక నమ్మకం ఉంది. కొంత ఆధారమూ ఉంది. గేదె చన్ను నాళం పొడవు, చుట్టూ ఉన్న కండరం బిగువు. ఆవు పొదుగులో పాలలో అయిదో వంతు కింది గదిలో సిద్ధంగా ఉంటే, గేదెలో ఇరవయ్యో వంతు కూడా ఉండటం కష్టం. తక్కినదంతా పైన కండలోనే ఉండి, చేపితేనే దిగుతుంది. కాబట్టి గేదె చన్ను పితుకుడుకూ పితుకుడుకూ మధ్య వట్టిగా, మూసుకుని ఉంటుంది. అయితే ఆ బిగువును గెలవడానికి మనం వాడే మొరటు చేతులు, బురద గుంటలో పొర్లాడే దాని ఇష్టం ఈ లాభాన్ని చాలావరకు తినేస్తాయి. పేరు బర్రె అన్నా, ఎనుము అన్నా, గేదె అన్నా సంగతి ఇంతే. చిత్తూరు వైపు జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవుల కథ వేరు. పాలు పెరిగేకొద్దీ పొదుగువాపు గుణమూ వంశంలో వెంట వస్తుందని పశుజన్యుశాస్త్రం ఎప్పుడో తేల్చింది. నార్వే 1978 నుంచే ఆబోతుల ఎంపికలో ఈ జబ్బు లెక్కను కూడా చేర్చింది. అలా చేయగలగడానికి కారణం, అక్కడ ఒక్కో ఆవుకు ఏ జబ్బు ఎప్పుడొచ్చిందో రాసిపెట్టే పద్ధతి డెబ్బైల నుంచే ఉండటం. మళ్లీ లెక్క దగ్గరికే వచ్చాం.

ఈ జబ్బు మీద మనుషులు సాధించిన పెద్ద గెలుపు ఇంగ్లండులో అరవైల్లో జరిగింది. రీడింగ్ దగ్గరి పాడి పరిశోధన సంస్థలో డాడ్, నీవ్, కింగ్‌విల్ ఒక చిన్న లెక్క వేశారు. మందలో జబ్బు ఎంత ఉందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది, కొత్తగా ఎన్ని పొదుగులకు సోకుతోంది, సోకినది ఎన్నాళ్లు నిలుస్తోంది. మందు రెండో దాన్ని తగ్గిస్తుంది తప్ప మొదటిదాన్ని ముట్టుకోదు. అందుకని పాలు తీశాక ప్రతి చన్నునూ క్రిమిసంహారకంలో ముంచమన్నారు. వట్టిపోయే రోజున నాలుగు చన్నుల్లోనూ మందు ఎక్కించమన్నారు. వాపు కనబడితే వెంటనే వైద్యం చేసి రాసిపెట్టుకోమన్నారు, నయం కానివాటిని ఏరేయమన్నారు, మిషన్ను సరిచూడమన్నారు. ఈ అయిదూ కలిపి చేసిన మందల్లో అంటుకునే రకం పొదుగువాపు పడిపోయింది. రొచ్చులోంచి వచ్చే రకం మాత్రం పెద్దగా కదల్లేదు, ఎందుకంటే దాని ఇల్లు పొదుగు కాదు.

ఈ పథకాన్ని మన పాకలోకి తెచ్చి నిలబెట్టి చూస్తే ఎక్కడ కుంటుతుందో తెలుస్తుంది. చన్ను ముంచడం సులువే. అరశాతం అయోడిన్‌లో కాస్త గ్లిజరిన్ కలిపి, చిన్న గ్లాసులో పోసి, ఒక్కో చన్నునూ ముంచి తీస్తే సరిపోతుంది. ఏరేయడం దగ్గరే చిక్కు. మన దగ్గర నయం కాని గేదెను ఏం చేస్తారు? సంతకు తోలుతారు. కొన్నవాడి కొట్టంలో అదే కథ మొదలవుతుంది. ఏరివేత పేరుతో జబ్బు ఊరు మారుతుంది, అంతే. వట్టిపోయే రోజన్నదీ మనకు సరిగ్గా లేదు. ఇంగ్లండు ఆవును ఒకరోజు అనుకుని ఆపేస్తారు. మన గేదె సూడి ముదిరేకొద్దీ పూట మానేసి, రోజు మానేసి, తనంతట తానే వట్టిపోతుంది. ఎక్కించాల్సిన ట్యూబు ఏ రోజున ఎక్కించాలో తేలే లోపే రోజులు గడిచిపోతాయి.

ఆ ట్యూబుల మీద ఇప్పుడు ఐరోపాలోనే మనసు మారింది. జబ్బు ఉన్నా లేకున్నా ప్రతి ఆవుకూ, ప్రతి చన్నుకూ యాంటీబయాటిక్ ఎక్కించే పద్ధతిని 2022 జనవరి 28 నుంచి ఐరోపా సమాఖ్య చట్టం అడ్డుకుంటోంది. అవసరమైన చన్నుకే మందు. మిగతా వాటికి బిస్మత్ ఉప్పు కలిపిన మెత్తటి బిరడా లాంటిది ఎక్కిస్తున్నారు, ప్రకృతి పెట్టే కెరాటిన్ బిరడాకు తోడుగా. ఈ మార్పు వెనక భయం ఉంది. నైరుతి ఇంగ్లండులో 2007లో పొదుగువాపు మీద పరిశోధన చేస్తూ, ట్యాంకు పాలలో మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ కొత్త రకం ఒకటి కనుక్కున్నారు. ఆసుపత్రుల్లో వాడే జన్యు పరీక్షలకు దొరకని రకం అది. వివరాలు 2011లో బయటికి వచ్చాక, అదే రకం మనుషుల్లోనూ ఉందని తేలింది. ఇంకోవైపు అమెరికా, కెనడాల్లో చేసిన ప్రయోగాల్లో, వాపు వచ్చిన పాలను ముందు పాకలోనే చిన్న పళ్లెంలో పెంచి చూసి, అవసరమైన జీవి ఉంటేనే మందు ఇస్తే, యాంటీబయాటిక్ వాడకం సగానికి పడిపోయింది, పశువులకు వచ్చిన నష్టం ఏమీ లేదు. ఇ.కొలై చాలాసార్లు మందు వేసే లోపే తానే పోయి ఉంటుందని చెప్పుకున్నాం కదా, ఈ ఫలితానికి మూలం అదే.

మన దగ్గర వాడకం ఎలా ఉందో అందరికీ తెలుసు. మందుల షాపులో అడిగితే ట్యూబు ఇస్తారు, ఒకటో రెండో ఎక్కించి పాలు బాగుపడగానే ఆపేస్తారు. మిగతావి గూట్లో ఉంటాయి, ఇంకో గేదెకు పనికొస్తాయని. ఎక్కించిన రోజుల పాలు పారబోయాలని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది, ఎవరు పారబోస్తారు? దేశవ్యాప్తంగా 2018లో ఆహార భద్రతా సంస్థ 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 77లో యాంటీబయాటిక్ మోతాదు మించింది. నూటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ. మరీ భయపడాల్సిన అంకె కాదు, వదిలేయాల్సిందీ కాదు. ల్యాబుకు వెళ్లకుండానే దీన్ని కనిపెట్టే సాధనం ప్రతి వంటింట్లో ఉంది. మందు ఉన్న పాలలో తోడుచుక్క పనిచేయదు. పొద్దున్నే గిన్నె మూత తీసి, “ఈ పాలకేమొచ్చింది, తోడుకోలేదు” అనుకునే ఇల్లాలు తెలియకుండానే ఒక పరీక్ష చేసింది.

ఇంటి వైద్యాల్లో ఇప్పుడు బాగా వినబడుతున్నది జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న ముద్ద. కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 కలిపి రుబ్బి, పల్చగా చేసి, ఎర్రటి ఆ పసరును రోజుకు పదిసార్ల దాకా పొదుగంతా పూస్తారు. పాకల్లో చూసినవాళ్లు పనిచేస్తుందనే చెబుతున్నారు, నేను ఎగతాళి చేయను. కానీ తేలికపాటి వాపుల్లో చాలా వాటంతట అవే తగ్గుతాయి గనక, పూసినవాటినీ పూయనివాటినీ పక్కపక్కన పెట్టి చూసే ప్రయోగాలు ఇంకా బాగా జరగాలి. ఒక లాభం మాత్రం ఇప్పుడే కనబడుతోంది. రోజుకు పదిసార్లు పొదుగు పిండి, కడిగి, తడిమి చూసే రైతు ఆ పొదుగును ఇదివరకెన్నడూ చూడనంత దగ్గరగా చూస్తున్నాడు.

చివరికి పాల కేంద్రం. ఐరోపాలో మిల్లీలీటరుకు కణాలు నాలుగు లక్షలు దాటిన పాలు కొనకూడదు, అమెరికాలో హద్దు ఏడున్నర లక్షలు. హద్దు లోపల కూడా కణాలు తగ్గితే ధర పెంచే డెయిరీలు అక్కడ మామూలే. మన కేంద్రంలో యంత్రం చెప్పేవి రెండే, వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం, అంటే ఎస్.ఎన్.ఎఫ్. చెడిన పొదుగు పాలలో లాక్టోజు తగ్గుతుంది కాబట్టి ఎస్.ఎన్.ఎఫ్. పడిపోతుంది. అప్పుడు ఏమంటారు? “నీళ్లు కలిపావా అమ్మా?” అంటారు. జబ్బు చేసింది గేదెకు, మాట పడేది మనిషి. అదే యంత్రం పక్కన ఒక పళ్లెం, ఒక సీసా పెట్టి నెలకొక్కసారి ఒక్కో ఇంటి పాలు తిప్పి చూపిస్తే ఆ మాట రాదు. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు కొట్టి పిలిచే అలవాటు ఊళ్లలో బాగానే పట్టుబడింది. కానీ రాయిలా మారిన పొదుగుకే ఆ ఫోను పోతోంది. గంజి కట్టిన గుంటను చూసి ఫోను చేయాలంటే ముందు ఆ గుంటను ఎవరో ఒకరు చూపించాలి.

ఆ రోజు కొట్టంలో డాక్టరు గారు మందు రాయలేదు. ఆ చన్ను పాలు సీసాలో పట్టుకుని ల్యాబుకు పంపుతానన్నారు. అంతవరకూ ఆ చన్నును ఆఖర్న, విడిగా తీయమన్నారు, పాలు తీశాక ముంచమని అయోడిన్ సీసా ఇచ్చారు. “దిష్టి కాదన్నమాట” అంది ఆవిడ, కొంచెం నిరాశగానే. తర్వాత పళ్లెం వైపు చూస్తూ, “ఇదెంతకొస్తుందండీ?” అని అడిగింది. ఆయన చెప్పారు. ఆవిడ కొంగు ముడి విప్పబోయి, ఆగి, లోపలికి కేకేసింది, “ఒరే, సర్ఫు డబ్బా ఇలా పట్రా!”